మనవాడే కదా

ముప్పై దాటేదాకా నేను ఒక్కసారి కూడా ఓటు వెయ్యలేదు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఊళ్లో లేను. ఉద్యోగంలో చేరాక బెంగళూరు నుంచి రావడానికి సెలవు దొరకలేదు. ఆ తర్వాత దేశంలోనే లేను. చివరికి నా మొదటి ఓటు ఇంగ్లండులో, 2021 డిసెంబరు 16న, మార్కెట్ డ్రేటన్ అనే చిన్న ఊళ్లో పడింది. కామన్వెల్త్ దేశాల పౌరులం కాబట్టి, వీసా మీద ఉన్నా సరే, మనం ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వెయ్యొచ్చు. ఈ సంగతి ఇక్కడున్న మనవాళ్లలో చాలామందికి తెలియదు. నాన్నకి ఫోన్లో చెప్తే, "వాళ్లు మనల్ని అన్నేళ్లు ఏలారు, నువ్వో ఓటు గుద్దితే తప్పేముందిరా" అన్నాడు.

అప్పట్లో నా ప్రాజెక్టు టెల్ఫోర్డ్‌లో. అద్దె తక్కువని మార్కెట్ డ్రేటన్‌లో ఇల్లు తీసుకున్నాం. వచ్చాక తెలిసింది, రాబర్ట్ క్లైవ్ పుట్టింది ఈ ఊరి పక్కనేనని, కొన్నాళ్లు చదువుకున్నది ఈ ఊళ్లోనేనని. మా రాజమండ్రితో సహా ఉత్తర సర్కారులను 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం చేత ఫర్మానా రాయించి కంపెనీ చేతికి తెచ్చిన మనిషి. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, వెతుక్కుంటూ వచ్చినట్టు ఆయన ఊళ్లోనే అద్దెకి దిగాను.

క్లైవ్ తర్వాత ఈ జిల్లాలోని ష్రూస్‌బరీ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. బెంగాల్లో తీసుకున్న డబ్బు మీద 1773లో సభలో పెద్ద చర్చ జరిగింది. 2,34,000 పౌండ్లు తీసుకున్నాడని సభ ఒప్పుకుంది. ఆ వెంటనే, దేశానికి గొప్ప సేవ చేశాడని కూడా తీర్మానించింది. అది చదివినప్పుడు నాకు మా ఊరి రచ్చబండ గుర్తొచ్చింది. "తింటే తిన్నాడు గానీ పని చేశాడు" అనే మాట మన దగ్గరే పుట్టిందనుకునేవాణ్ణి.

ఇంతకీ ఆ డిసెంబరులో ఉప ఎన్నిక ఎందుకొచ్చిందో చెప్పాలి. మా నార్త్ ష్రాప్‌షైర్ ఎంపీ ఓవెన్ పాటర్సన్. కన్సర్వేటివ్ పార్టీలో పెద్ద మనిషి, మాజీ మంత్రి. ఎంపీగా ఉంటూనే రెండు కంపెనీలకి జీతం తీసుకునే సలహాదారు. అందులో ఒకటి రాండాక్స్, వైద్య పరీక్షల కంపెనీ. ఆ కంపెనీల తరఫున ప్రభుత్వ సంస్థలతో, మంత్రులతో మాట్లాడాడని ఆరోపణ. డబ్బు తీసుకుని ఎవరి తరఫునా సిఫారసు చెయ్యకూడదన్నది అక్కడి సభ నియమం. పార్లమెంటు ప్రమాణాల కమిషనర్ విచారించారు. ప్రమాణాల కమిటీ 30 పని దినాలు సస్పెండ్ చెయ్యమంది. ఆ కమిటీలో ఆయన సొంత పార్టీ సభ్యులూ ఉన్నారు. పాటర్సన్ మాత్రం తప్పేమీ చెయ్యలేదని, ప్రజల ఆరోగ్యం కోసమే మాట్లాడానని అన్నాడు. అంతకుముందు ఏడాదే ఆయన భార్య చనిపోయారు. ఈ విచారణ వల్ల కలిగిన ఒత్తిడి కూడా అందుకు ఒక కారణమని ఆయన నమ్మకం. ఆయన మీద జాలి పడ్డవాళ్లందరూ నటించారని నేను అనుకోను.

నవంబరు 3, బుధవారం. సస్పెన్షన్ ఓటుకి వచ్చింది. బోరిస్ జాన్సన్ ప్రభుత్వం తన ఎంపీలకి విప్ జారీ చేసింది. "మావాడు నిర్దోషి" అని సూటిగా తీర్మానం పెట్టలేదు. అసలు విచారణ పద్ధతిలోనే లోపముంది, అప్పీలుకి అవకాశం లేదు, ముందు కొత్త కమిటీ వేసి ఆ పద్ధతిని సరిచేద్దాం, అప్పటిదాకా ఈ కేసు పక్కన పెడదాం అని సవరణ తెచ్చారు. ఆ కొత్త కమిటీకి అధ్యక్షుడు కూడా వాళ్ల పార్టీవాడే. 250కి 232 ఓట్లతో నెగ్గారు.

ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని నేను పడీపడీ నవ్వాను. "చూడు, మనవాళ్లకేం తీసిపోరు! కాకపోతే మనవాళ్లు ప్రెస్ మీట్ పెట్టి కక్షసాధింపు అంటారు, వీళ్లు టై కట్టుకుని సవరణ అంటారు" అని మా ఆవిడతో అన్నాను. మర్నాడు దీపావళి. పత్రికలు, ప్రతిపక్షాలు, సొంత ఎంపీలూ కూడా దుమ్మెత్తి పోయడంతో ప్రభుత్వం ఒక్క రోజులో మాట మార్చింది. సాయంత్రానికి పాటర్సన్ రాజీనామా. పిల్లాడితో కాకరపువ్వొత్తులు కాల్పిస్తూ ఆ వార్త చూశాను.

ఆ ఆదివారం మా తెలుగు సంఘం మీటింగు.

సంఘమంటే పెద్దదేం కాదు. పక్క పట్టణంలో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ కలిసి పెట్టుకున్నది. ఉగాదికో హాలు, దసరాకో హాలు, నాలుగు పాటలు, పులిహోర. నేను కార్యదర్శిని. అధ్యక్షుణ్ణి ఇక్కడ అన్న అనే రాస్తాను, నేను పిలిచేదీ అలాగే. మేం మాంచెస్టర్లో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చింది అన్నే. ఇల్లు దొరికేదాకా మూడు వారాలు వాళ్లింట్లోనే ఉన్నాం. మా ఆవిడకి నొప్పులొచ్చిన రాత్రి మంచులో కారు నడిపిందీ అన్నే. మాకే కాదు, ఆ గదిలో కూర్చున్న సగం మందికి ఇలాంటి కథ ఒకటుంది.

ఆ ఏడాది మే నెలలో, ఇండియాలో కోవిడ్ రెండో వేవ్ ఎలా ఉండిందో మీకు తెలుసు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు పంపుదామని సంఘం తరఫున చందాలు పోగుచేశాం. 7,200 పౌండ్లు వచ్చాయి. కొనడం, పంపడం మొత్తం అన్నే చూసుకున్నాడు, ఇండియాలో వాళ్ల బావమరిది ద్వారా. మెషీన్లు చేరాయి, ఫొటోలూ వచ్చాయి. నవంబరు మీటింగులో, ఆ మధ్యనే అకౌంట్స్ ఉద్యోగానికి వచ్చిన ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "బిల్లులు 5,350 పౌండ్లకే ఉన్నాయండి. మిగతా 1,850కి లెక్క ఎక్కడుంది?" అంది. గొంతు పెంచలేదు. చేతిలో ఒక కాగితం పట్టుకుంది, అంతే.

అన్న ముఖం ఎర్రబడింది. ఎవ్వరూ మాట్లాడలేదు. అప్పుడు నేను లేచాను. "అన్న మనకోసం ఎంత చేశాడో ఈ గదిలో అందరికీ తెలుసు. నిన్న మొన్న వచ్చినవాళ్లకి తెలియకపోవచ్చు" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "అయినా ఇలాంటి ప్రశ్నలు ఎలా విచారించాలో మన దగ్గర నియమావళి లేదు. ముందు ముగ్గురితో ఉపసంఘం వేసి పద్ధతి రాసుకుందాం. అప్పటిదాకా దీన్ని పక్కన పెడదాం" అన్నాను. చేతులెత్తించాం. 9 మంది అవునన్నారు, 4 కాదన్నారు. ఆ ఉపసంఘానికి నేనే కన్వీనర్ని.

నాకు చాలా పెద్దరికంగా, న్యాయంగా మాట్లాడినట్టే అనిపించింది. తిరిగొస్తుంటే కార్లో మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఊరు దగ్గర పడ్డాక, "బుధవారం రాత్రి టీవీ చూసి నువ్వు నవ్వింది దీనికేగా?" అంది.

నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికేమీ లేదు కూడా. అన్న నిర్దోషి అని నాకు తెలుసా? తెలియదు. దోషి అని అనుమానమా? అదీ లేదు. నేను ఆలోచించిందే అది కాదు. ఆ అమ్మాయి అడుగుతున్నప్పుడు నా బుర్రలో తిరిగినవి వేరే. లెక్క తేలకపోతే సంఘం పరువేం కావాలి, పోటీ సంఘం వాళ్లు ఎంత సంబరపడతారు, అన్న ముఖం నేనెలా చూడాలి. 1,850 పౌండ్లు ఎక్కడికెళ్లాయన్న ప్రశ్న వాటి మధ్య ఎక్కడా లేదు. విప్ జారీ అయ్యాక చేతులెత్తిన ఎంపీల బుర్రల్లోనూ ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు అర్థమైంది.

డిసెంబరు 16న ఓటెయ్యడానికి వెళ్లాను. గురువారం, ఆఫీసయ్యాక, బాగా చీకటి పడింది. కార్డు అడగలేదు, పేరూ చిరునామా చెప్తే చాలన్నారు. వేలికి సిరా లేదు. చిన్న పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టడమే. 2019లో పాటర్సన్ దాదాపు 23 వేల మెజారిటీతో గెలిచిన సీటది. తెల్లారేసరికి లిబరల్ డెమోక్రాట్ అభ్యర్థి హెలెన్ మోర్గన్ 5,925 ఓట్ల తేడాతో గెలిచింది. మా ఆఫీసులో జీవితమంతా కన్సర్వేటివ్‌కే ఓటేసిన ఒక పెద్దాయన, "ఆయన చేసిన పనికి కాదు, మా వాళ్లు ఆయన్ని కాపాడిన పద్ధతికి కోపం వచ్చింది" అన్నాడు. నేను తల దించుకుని టీ కలుపుకున్నాను. అప్పటికే ఆ అమ్మాయి మా వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోయి పది రోజులైంది.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. మన దేశంలో అన్నిటికన్నా నన్ను ఆపింది నెహ్రూ. 1951లో హెచ్.జి. ముద్గల్ అనే కాంగ్రెస్ ఎంపీ బంగారం వర్తకుల సంఘం దగ్గర డబ్బు తీసుకుని సభలో వాళ్ల పని చేస్తున్నాడని తెలిస్తే, విచారణ కమిటీ వెయ్యమని సభలో తీర్మానం పెట్టింది స్వయంగా ప్రధానమంత్రి నెహ్రూయే. ఆ కమిటీలో మా రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి కూడా ఉంది. అధ్యక్షుడు టి.టి. కృష్ణమాచారి. తప్పు తేలింది. బహిష్కరణ తీర్మానం మీద చర్చ జరుగుతుండగానే ముద్గల్ రాజీనామా ఇచ్చాడు. అలా తప్పించుకోవడం ఇంకా పెద్ద తప్పని సభ తీర్మానించింది.

ఏడేళ్లు తిరక్కుండానే అదే కృష్ణమాచారి ఆర్థికమంత్రిగా ముంధ్రా వ్యవహారంలో ఇరుక్కున్నాడు. ఎల్ఐసీ డబ్బు కోటి రూపాయలకు పైగా ముంధ్రా కంపెనీల షేర్లలో పెట్టారు. సభలో నిలదీసింది కాంగ్రెస్ ఎంపీ, నెహ్రూ అల్లుడు ఫిరోజ్ గాంధీ. జస్టిస్ చాగ్లా బహిరంగ విచారణ జరిపి మంత్రిదే బాధ్యత అన్నారు. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశాడు. ఆ రాజీనామా ఆమోదిస్తూ కూడా నెహ్రూ, ఇందులో నీ పాత్ర చాలా తక్కువన్న అర్థంలోనే రాశాడు. 1962లో మళ్లీ మంత్రివర్గంలోకి తీసుకున్నాడు.

మనిషి అదే. ముద్గల్ ఎక్కడో వెనక బెంచీల్లో కూర్చునేవాడు, కృష్ణమాచారి పక్కన కూర్చునేవాడు. నియమం దూరపువాడి మీద సులువుగా పనిచేస్తుంది. పక్కవాడి దగ్గరికొచ్చేసరికి నెహ్రూ అంతటివాడికే చెయ్యి వణికింది, నేనెంత అని ఒకప్పుడు సర్ది చెప్పుకునేవాణ్ణి. అది కూడా ఒక సవరణే.

మన రాష్ట్రాల సంగతి నేను చెప్పక్కర్లేదు. 2012లో జగన్ చంచల్‌గూడకి, 2023లో చంద్రబాబు రాజమండ్రికి, 2024లో కవిత తీహార్‌కి వెళ్లారు. ఆ కేసుల్లో నిజమెంతో తేల్చేవాణ్ణి నేను కాదు. మూడుసార్లూ నాకు ఇక్కడి నుంచే ఫార్వర్డులు వచ్చాయి. పార్టీ పేరు మారింది గానీ వాక్యాలు మారలేదు: కక్ష, కుట్ర, మా నాయకుడు కడిగిన ముత్యం. 2012లో కుట్ర అన్నవాళ్లు 2023లో చట్టం తన పని తాను చేస్తుందన్నారు. 2012లో చట్టం అన్నవాళ్లు 2023లో కుట్ర అన్నారు. చార్జిషీటు చదివినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. నేనూ చదవలేదు. వెనక్కి ఏదో ఘాటుగా రాయబోయి, నా ఉపసంఘం గుర్తొచ్చి చెరిపేశాను.

జనవరిలో అన్న ఇంటికి వెళ్లి బిల్లులు అడిగాను. "నువ్వు కూడానా తమ్ముడూ" అన్నాడు. కోపం కంటే బాధే ఎక్కువ. తర్వాత చెప్పాడు. లారీ కిరాయి, హమాలీలు, లాక్‌డౌన్లో తిరిగిన కుర్రాళ్ల ఖర్చు, అంతా చేతి మీద నగదు ఇచ్చారట, రసీదులు లేవట. నిజం కావచ్చు. ఆ మే నెలలో ఎవరు రసీదు రాసిచ్చారు? కానీ నవంబరులోనే అడిగి ఉంటే ఆ లారీ వాళ్లకి ఫోను చేసి కనుక్కునేవాళ్లం. జనవరికి బావమరిది నంబరు కూడా మారిపోయింది. ఏదీ తేలలేదు. ఆ వేసవిలో అన్న వేరే ఉద్యోగం చూసుకుని దక్షిణానికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఎవరో ఒకరు, "అదే, ఆక్సిజన్ డబ్బులు తిన్నాయన" అంటూ ఉంటారు. కాదని గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఆయన్ని కాపాడాననుకున్నాను. నిర్దోషి అయితే అది రుజువు చేసుకునే దారి మూసేసింది నేనే.

ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను, తప్పు నాదని. "పర్లేదన్నా" అని వచ్చింది. మళ్లీ మా కార్యక్రమాలకి మాత్రం రాలేదు.

ఇప్పుడు సంఘానికి కోశాధికారిని నేనే. మొన్న ఉగాదికి, కొత్తగా వచ్చిన ఒక స్టూడెంట్ కుర్రాడు, హాలు డిపాజిట్ రసీదు చూడొచ్చా అని అడిగాడు. నా పక్కనున్న మిత్రుడు, "ఒరే, ఆయన్నే అడుగుతున్నావా! ఆయనెవరనుకున్నావు?" అన్నాడు, నా మీద ప్రేమతోనే. ఒక్క క్షణం ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది. రసీదు కార్లో ఎక్కడో ఉంది. వానలో వెళ్లి పది నిమిషాలు వెతికి తెచ్చి ఇచ్చాను.