మురుగు సొరంగాల్లో రాక్షసులు

తక్కువ ఖర్చుతో తీసే రాక్షస చిత్రాలకు మురుగు సొరంగం బాగా కలిసొచ్చింది. చీకట్లో రబ్బరు తొడుగు లోపాలు కనబడవు. అయితే ఈ చిత్రాల అసలు బలం కథలో ఉంది. లూయిస్ టీగ్ తీసిన ‘ఆలిగేటర్’ (1980)లో ఓ తండ్రి, కూతురు ముచ్చటపడి తెచ్చుకున్న మొసలి పిల్లను టాయిలెట్లో పడేసి నీళ్లు వదిలేస్తాడు. మందుల ప్రయోగాల్లో చచ్చి, కాలువలోకి విసిరేసిన కుక్కల కళేబరాలు తిని అది భూతంలా పెరుగుతుంది. జాన్ సేల్స్ రాసిన ఈ కథలో దోషి మొసలి కాదు, మనిషే.

1984 నాటి ‘చడ్’ ఇంకా లోతుకు దిగింది. న్యూయార్క్ వీధుల కింద తలదాచుకునే నిరుపేదలు, అక్కడే గుట్టుగా దాచిన విషవ్యర్థాల వల్ల నరమాంసభక్షకులవుతారు. ఇల్లూవాకిలీ లేనివాళ్లు మాయమవుతున్నారని పోలీసు అధికారికి చెప్పేది, వాళ్లకు ఉచితంగా భోజనం పెట్టే మనిషి. డేనియల్ స్టెర్న్ వేసిన ఆ పాత్ర కోసమైనా ఈ సినిమా చూడాలి.