రెండో ప్రతి

పిల్లలూ, తాటాకు గ్రంథం ఎన్నాళ్ళుంటుందో తెలుసా? తడి తగలకుండా, పురుగు తినకుండా కాపాడితే వందల ఏళ్ళుంటుంది. కాని ఎంత కాపాడినా ఆకు ఆకే గదా! అందుకని మన పెద్దలు ఆకు శిథిలం కాకముందే దానికి మరొక ప్రతి రాయించేవారు. 19వ శతాబ్దంలో సి. పి. బ్రౌన్ దొర ఎక్కడెక్కడి తాటాకు ప్రతులనో సేకరించి, కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టి, వాటికి కొత్త ప్రతులు రాయించాడు. అట్లాంటి వాళ్ళ శ్రమ వల్లనే ఎన్నో పుస్తకాలు మనదాకా వచ్చాయి.

మా ఇంట్లో బల్లమీద ఉన్న కంప్యూటరు కూడా అట్లాంటి తాటాకుల కట్టే. అందులో మా అమ్మ పాడిన తిరగటి పాటలు పదకొండున్నాయి. 2016లో ఆవిడ గొంతు బాగున్నప్పుడు రికార్డు చేశాను. ఇప్పుడావిడ పాడలేదు. ఆ పాటలు ఆవిడ తన అమ్మమ్మ దగ్గర విని నేర్చుకున్నవి. వాటిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. కంప్యూటరు పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఆ గొంతు ఏ అంగట్లోనూ దొరకదు. గనక వాటికి బ్యాకప్, అంటే రెండో ప్రతి, ఎట్లా చెయ్యాలా అని ఆలోచించాను.

కంప్యూటరులో ఫైళ్ళుండేది హార్డ్ డిస్కులో. దాని లోపల అద్దంలాగా మెరిసే పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో గిర్రున తిరుగుతాయి. వాటిని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతైనా లేని ఎడంలో ఒక చిన్న పరికరం కదులుతూ అయస్కాంతపు గుర్తులను చదువుతుంది. అది పళ్ళేన్ని గీరిందా, ఇక అంతే! తిరిగే పళ్ళేలు లేని ఎస్.ఎస్.డి. కూడా ఒకనాడు చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు.

“ఫైళ్ళు ఇంటర్నెట్టులో కూడా ఉంటాయిగా, ఇంకెందుకు?” అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని ఇంట్లో ఫైళ్ళనూ ఇంటర్నెట్టులో ఫైళ్ళనూ ఎప్పటికప్పుడు ఒకే తీరున ఉంచే పద్ధతి అద్దం వంటిది. మీరు బొట్టు చెరుపుకుంటే అద్దంలోనూ చెరిగిపోతుంది. ఇక్కడ పొరపాటున పాట తుడిచేస్తే అక్కడా తుడుచుకుపోతుంది. కొన్ని కంపెనీలు తుడిచినవాటిని కొన్నాళ్ళు చెత్తబుట్టలో దాస్తాయి. ఆ గడువు దాటితే అవీ ఉండవు.

1998లో అమెరికాలో జరిగిన ఒక విషయం వినండి. పిక్సార్ వాళ్ళు ‘టాయ్ స్టోరీ 2’ అనే బొమ్మల సినిమా తీస్తున్నారు. ఎవరో ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో ఆ సినిమా ఫైళ్ళు కళ్ళముందే మాయం కాసాగాయి. సరే, బ్యాకప్ ఉన్నదిగదా అని తీసి చూస్తే, అది సరిగా పనిచెయ్యటం లేదు! అదృష్టంకొద్దీ, ఆ సినిమాకు పనిచేసే గేలిన్ సుస్మన్ అనే ఆవిడ, పసిబిడ్డ ఉండటంవల్ల ఇంటి దగ్గర నుంచి పని చేసుకునేది. ఆవిడ ఇంటి కంప్యూటరులో ఉన్న ప్రతే వాళ్ళను ఆదుకున్నది. సినిమా 1999లో విడుదలయింది.

దీన్నిబట్టి నేను సాధనాన్ని ఎన్నుకునేందుకు మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. నేను మరిచినా అది తనంతట తాను పని చేస్తుందా? కొత్త ప్రతితోబాటు పాత ప్రతులనూ ఉంచుతుందా? అడిగినప్పుడు తేలికగా తిరిగి ఇస్తుందా?

మాది విండోస్ కంప్యూటరు. దానితోనే వచ్చే ‘ఫైల్ హిస్టరీ’ అనేదాన్ని ఎన్నుకున్నాను. ఇది 2012లో వచ్చిన విండోస్ 8తో మొదలయింది. పాటలు, ఫొటోలు, పత్రాలు ఉండే ఫోల్డర్లలో మారినవాటిని బయటి డిస్కుకు ఎక్కిస్తుంది. పాతవాటిని తేదీలతోసహా దాస్తుంది. వేరే డబ్బు పెట్టనక్కర్లేదు. ఆపిల్ వారి మాక్ కంప్యూటర్లలో ఈ పనికి 2007 నుంచి ‘టైమ్ మెషీన్’ ఉన్నది. లినక్స్ వాడేవాళ్ళకు 1996లో పుట్టిన ‘ఆర్‌సింక్’ ఉన్నది. ఫైళ్ళలో మారిన భాగాలను మాత్రమే పంపటం దాని నేర్పు. కాని అది పాత ప్రతులను దాచాలంటే మనమే చెప్పాలి.

అయితే ఒక్క డిస్కు చాలదు. దొంగ వచ్చినా, ఇంట్లోకి నీళ్ళు వచ్చినా రెండూ కలిసే పోతాయి. ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే సూత్రం ఉన్నది: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట. నేను ఒక డిస్కును వేరే ఊళ్ళో మా అక్కయ్య ఇంట్లో ఉంచాను. ఇంట్లో డిస్కును పని కాగానే ఊడదీస్తాను. ఎందుకంటే, కంప్యూటరులో దూరి ఫైళ్ళకు తాళంవేసి డబ్బు గుంజే దొంగ ప్రోగ్రాములు, తగిలించి ఉన్న డిస్కును కూడా వదలవు.

ఇంత చేసినా, తిరిగి తీసి చూడనిదే బ్యాకప్‌ను నమ్మరాదు. అక్కయ్య తన కంప్యూటరుకు డిస్కు తగిలించి, మొత్తం పదకొండు పాటలనూ చివరిదాకా విన్నది. ఫోనులో అమ్మకు కూడా వినిపించింది. అమ్మ అంతా విని, “ఆరో పాటలో ఒక మాట దాటేశానే!” అన్నది.

మీ ఇంటి కంప్యూటరులో మళ్ళీ దొరకనిది ఏమున్నదో ఇవాళ మీ అమ్మనూ నాన్ననూ అడగండి. దానికి రెండో ప్రతి ఎక్కడున్నదో కూడా అడగండి. “ఉన్నది” అంటే, “అయితే తీసి చూపించండి” అనండి!