రెండో గేరు

అనంతగిరి దగ్గర మంచు ఒక్కసారిగా కమ్మేసింది.
అరకు నుంచి వైజాగ్‌కి దిగుతున్నాం. ముందు పదడుగుల రోడ్డు, ఓ పక్క లోయ.
మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతున్నాను. కాసేపటికి కాలిన వాసన...

వెనక అమ్మ మాటలు ఆగిపోయాయి. పాప కూడా ఏమీ అడగట్లేదు.

పక్క సీట్లోంచి నాన్న మెల్లగా అన్నాడు: "బ్రేకు మీద కాలు అలాగే ఉంచకు. రెండో గేరు వెయ్యి. బండిని ఇంజనే పట్టుకుంటుంది."

వేశాను. బండి మూలిగి నిదానించింది.
కాస్త వెడల్పాటి చోటు దొరికాక పక్కకి ఆపాను. బ్రేకులు చల్లారేదాకా అక్కడే ఉన్నాం. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఆకుల మీంచి నీటి చుక్కలు టప్ టప్‌మని పడుతున్నాయి.

దిగి నిలబడితే తెలిసింది, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. డిసెంబరు చలిలో!

చిన్నప్పుడు ఇదే ఘాట్‌లో నాన్న నడుపుతుంటే వెనక సీట్లోంచి చూసేవాణ్ణి. ఆయన చొక్కా కూడా ఇలాగే తడిసి ఉండేది. ఉక్కపోత అనుకునేవాణ్ణి.

రాత్రి ఇంటికొచ్చాక అడిగాను, "అప్పుడు నీకు భయం వెయ్యలేదా నాన్నా?"
"ఎందుకు వెయ్యదురా? వెనక మీరున్నారు కదా."

అప్పట్నుంచీ ఆ మాటే చెవిలో ఉంది.
మనం హాయిగా నిద్రపోయిన ప్రయాణాల్లో ఎవరో ఒకరు రెప్ప వెయ్యకుండా ఉన్నారు.

మీ ఇంట్లో అలా మేలుకున్నదెవరు? చెప్పండి, చదవాలనుంది.