కరిచే బూటుకు మా నాయిన చెప్పిన మందు



వార్షికోత్సవ సంచికకు రాయమంటే అందరూ చదువు గురించో, లక్ష్యం గురించో రాస్తారు. నేను బూట్ల గురించి రాస్తున్నాను. హాస్టల్ పిల్లలకు బూటు కరిస్తే మార్చుకోవడానికి రెండో జత ఉండదు. కుంటుతూనే బడికి పోతాం. ఓర్పు మంచిదే. కానీ ప్రతి నొప్పినీ ఓర్చుకోవాల్సిన పని లేదు.

మా నాయిన ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో చెప్పులు కుట్టేవాడు. అక్షరం ముక్క రాదు. కానీ పాదంలో ఏ ఎముక ఎక్కడ ఉబ్బెత్తుగా ఉంటుందో ఆయన చేతికి తెలుసు. చిటికెన వేలి మొదలు, బొటనవేలి మొదలు, చీలమండ, మడమ వెనుక భాగం. బూటు ఎక్కువగా కరిచేది ఈ చోట్లలోనే.

మా గదిలో ఒక నేస్తం జనవరి 26 కవాతుకు పాత తోలు బూట్లు తెచ్చుకున్నాడు. అవి వేరేవాళ్ల పాదానికి సాగిన బూట్లు. చిటికెన వేలి దగ్గర పుండు పడింది. దూది పెట్టి చూస్తే నొప్పి రెండింతలైంది. కవాతులో పేరు తీసేయమని చెప్పడానికి సిద్ధమయ్యాడు. ఆ ఆదివారం నన్ను చూడటానికి వచ్చిన నాయిన, దూది తీసి పారేసి ఒకే మాట అన్నాడు: "నొప్పి ఉన్న కాడ జాగ ఇయ్యాలె బిడ్డా, ఇంకోటి కుక్కద్దు."

పుండు మీద గుడ్డ కట్టి, దానిపై తడి సున్నం చుక్క పెట్టి బూటు తొడిగించాడు. విప్పి చూస్తే లోపల తెల్లటి మచ్చ. నొప్పి పుట్టిస్తున్న చోటు అదే. అక్కడ తోలును తడిపి, గుండ్రటి కర్ర పిడితో లోపలి నుంచి బయటికి నెమ్మదిగా సాగదీశాడు. ఉండగా చుట్టిన గుడ్డ కుక్కి నీడలో ఆరబెట్టమన్నాడు. పుండు మానాక నేస్తం కవాతులో నడిచాడు.

నేనిప్పుడు కామారెడ్డిలో పిల్లలకు ఆటలు నేర్పుతున్నాను. ఈమధ్య కొందరు స్కేటింగ్ బూట్లు తెస్తున్నారు. మన హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామ 2010 ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో కాంస్య పతకాలు గెలిచాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ ఆటకు బూటు గట్టిగా, బిగుతుగా ఉండాలి. అందుకే చీలమండ దగ్గర నొప్పి ఎక్కువ. అక్కడా నాయిన సూత్రమే. మందపాటి దుప్పటి ముక్కకు మధ్యలో ఎముక పట్టేంత రంధ్రం కోసి, ఆ ఎముక చుట్టూ వచ్చేలా అంటించాలి. ఎముక మీద ఒత్తిడి పోయి చుట్టూ పరుచుకుంటుంది. పాదం పైభాగంలో నొప్పి అయితే ఆ ఒక్కచోట లేసు అడ్డంగా రాకుండా వదిలేయాలి. కొన్ని రకాల గట్టి బూట్లను తెలిసినవాళ్లు వేడిచేసి ఆ చోటు మాత్రమే ఉబ్బిస్తారు. మీరు మాత్రం పొయ్యి దగ్గర పెట్టకండి, పాడైపోతాయి.

మడమ లేచి రాసుకుంటే అది బిగుతు కాదు, వదులు. అప్పుడు పై రంధ్రాల దాకా లేసు బిగించాలి. కొత్తవి కొనేటప్పుడు సాయంత్రం పూట, రెండు కాళ్లకూ తొడిగి చూడండి. పొద్దంతా నడిచిన పాదం కొంచెం ఉబ్బుతుంది.

మన తాడ్వాయి గురుకులంలో చదివిన మలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. అంత చలిలో బూటు నొక్కేస్తే వేళ్లకు రక్తం సరిగా అందదు, వేళ్లే పోవచ్చు. అంత ఎత్తుకు పోయేవాళ్లకైనా బూటు కుదరాల్సిందే.

చెప్పులు కుట్టడం చిన్న పని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనలో చాలామంది ఇళ్లలో ఆ విద్య ఉంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నాయిననో, తాతనో అడిగి నేర్చుకోండి. పక్క మంచం వాడు కుంటుతుంటే బూటు విప్పించి చూడండి.