వెనక ముద్ర సరే, ముందు పేరు?

ఢిల్లీ వాళ్ల స్టిక్కరు పడితే ఇక ఆ కాగితానికి తిరుగులేదు. పరాయి దేశంలో మన కాగితం చెల్లడానికి వేయించే ఈ అపోస్టిల్ గురించి నాకున్న జ్ఞానం అంతే. ముందు రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకం, దానిమీద విదేశాంగ శాఖ స్టిక్కరు. ఫీజు కాగితానికి 50 రూపాయలే, ఏజెంటు గుంజింది వేరే సంగతి. నెదర్లాండ్స్‌లో మా పేర్లు నమోదు చేసుకోవడానికి పాప జనన ధ్రువపత్రం అపోస్టిల్‌తో సహా కావాలన్నారు. పత్రం ఏజెంటు చేతిలో పెట్టి సామాన్లు సర్దుకోవడంలో పడ్డాను. దాన్నొకసారి చదువుదామని తోచనే లేదు.

చదివి ఉంటే దొరికిపోయేది. తల్లి పేరు దగ్గర ఉత్త ‘నాగలక్ష్మి’ అని ఉంది. పాస్‌పోర్టులో మా ఆవిడ వెంకట నాగలక్ష్మి. ఇందులో మునిసిపాలిటీ గుమస్తాని అనడానికేమీ లేదు. పాప పుట్టిన మర్నాడు ఆస్పత్రిలో ఫారం నింపింది నేనే. ఇంట్లో పిలిచే పేరు రాసేశాను. చట్టం కాన్పు సంగతి చెప్పడానికి ఇచ్చిన గడువూ 21 రోజులే, మా ఇంట బారసాలా 21వ రోజే. అందుకని పాప పేరు గడి ఖాళీగా వదిలేసి తర్వాత చేర్పించాం. అప్పుడైనా పక్క గడి వైపు చూపు పోలేదు.

నెదర్లాండ్స్‌లో కౌంటరు దగ్గరి అమ్మాయి పాస్‌పోర్టునీ పత్రాన్నీ పక్కపక్కన పెట్టి, పెన్ను మొన ముందు ఒక పేరు మీదా తర్వాత రెండో పేరు మీదా ఆనించింది. నేను చప్పున కాగితం తిప్పి స్టిక్కరు చూపించాను. “అది చూశానండీ” అంది మర్యాదగానే.

ఇంటికొచ్చి ఆ స్టిక్కరు మొదటిసారి చదివాను. పైన ఫ్రెంచిలో 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం అని శీర్షిక. (ఆ హేగ్ ఊరు వీళ్ల దేశంలోదే.) కింద పది అంకెలు వేసి వివరాలు. ఏ దేశం, సంతకం ఎవరిది, ఆయన హోదా ఏమిటి, ముద్ర ఎవరిది, ఏ ఊళ్లో ఏ తేదీన, నంబరెంత. పాప పేరు లేదు, తల్లి పేరూ లేదు. సంతకం నిజంగా ఆ అధికారిదే అని చెప్పడంతో దాని పని అయిపోయింది. పత్రంలో రాసినదానికి ఎవరూ పూచీ పడలేదు, నేను తప్ప.

ఫోనులో చెబితే మా మామగారు నమ్మలేదు. “ఇన్ని ముద్రలు పడ్డాక తప్పెలా ఉంటుంది అల్లుడు గారూ?” అన్నారు. నేనూ మొన్నటిదాకా ఆ బాపతే.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 15వ సెక్షన్ దిద్దుబాటుకి దారిచ్చింది. అసలు నమోదు చెరపరు, పక్కన మార్జిన్‌లో సవరణ రాసి సంతకం చేస్తారు. అఫిడవిట్టు, ఆధారాలు పట్టుకుని తిరిగింది పాపం మామగారే. కొత్త పత్రం వచ్చింది గానీ పాత స్టిక్కరు పాత కాగితంతోనే పోయింది. మళ్లీ రాష్ట్రం దగ్గర్నుంచి మొదలు.

ఈ గొడవంతా విని ఖతార్‌లోని మా తోడల్లుడు తనకీ అపోస్టిలే చేయించమన్నాడు. ఖతార్ ఆ హేగ్ ఒప్పందంలో లేదు. అక్కడికి విదేశాంగ శాఖ అటెస్టేషన్ తర్వాత వాళ్ల ఎంబసీ ముద్ర కూడా కావాలి. జర్మనీ ఒప్పందంలో ఉంది గానీ, మన దేశం చేరడానికి అభ్యంతరం చెప్పింది. మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. కాగితం అడిగేవాళ్లని ముందు కనుక్కోరా బాబూ అన్నాను.

మా కొత్త పత్రం ఏజెంటుకి ఇచ్చే ముందు మామగారి చేత ఫోనులో అక్షరం అక్షరం చదివించాను. “వి ఫర్ విజయవాడ, ఇ ఫర్ ఏలూరు, ఎన్ ఫర్ నెల్లూరు” అంటూ మొదలెట్టి మొత్తం చదివారు. రెండు పేర్ల మధ్య ఖాళీ ఉందా అనడిగితే, “వేలు పట్టేంత ఉందండీ” అన్నారు. అప్పుడిమ్మన్నాను.