నిదుర లేని యిల్లు

మా చిన్నవానికి నాలుగేండ్లు. వాని మోచేతి మడతలయందును, మోకాళ్ల వెనుకను ఆఱవ నెలనుండియు ఎగ్జిమా యను చర్మవ్యాధి యున్నది. పగలు ఆటలలో మఱచియుండును. అమీర్‌పేటలో దుకాణముల దీపములాఱి, మెట్రోరైలు చప్పుడణగిన పిమ్మట వాని గోకుడు మొదలగును. ఆ సవ్వడి నాకు నిద్రలో సైతము వినబడును. ఒకనాటి రాత్రి విసిగి వాని చేతిమీద గొట్టితిని. వాడేడ్చుచునే గోకికొనెను.

మావైపు దీనిని గజ్జి యనియో, తామర యనియో యందురు. ఆ మాటలే మాకు మొదటి చేటు. గజ్జి కంటికానని పురుగువలనను, తామర బూజువంటి సూక్ష్మజీవివలనను వచ్చును, రెండును అంటురోగములు. ఎగ్జిమా అంటునది కాదు. అయినను మేడమీది యిల్లాలు తన బిడ్డను మా గుమ్మము త్రొక్కనీయదయ్యెను. మందులకొట్టులో నిచ్చిన తామరలేపనమును నేనే రెండు నెలలు పూసితిని. అందు బలమైన స్టెరాయిడు కలదని యెఱుగను. పూసినన్నాళ్లణగి, మానగానే రెట్టింపయ్యెను. అత్తగారు వంకాయ మానిపించిరి. పిదప వేరుసెనగ, పాలు. బిడ్డ చిక్కిపోయెనే గాని దురద తగ్గలేదు. మావారు బడిపంతులు; నాతో వంతులవారీగా మేలుకొని, తరగతిలో కునికితినని చెప్పి నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

కడకు పంజాగుట్టలో నొక చర్మవైద్యురాలికి చూపితిమి. ఆమె బిడ్డను చూచి, పిదప నన్ను ప్రశ్నించెను. ఇట్టి బిడ్డల కుటుంబములకై బ్రిటను వైద్యులు 1998లో పది ప్రశ్నల పట్టికను ప్రకటించిరట. గడచిన వారమున ఇంటిపని, వంట, ఇతరుల నిద్ర, ఖర్చు, అలసట, మనోవ్యథ యెట్లున్నవని యడుగుదురు; అధికబాధకు మొత్తము 30. నాకు 23 వచ్చెను. ఇంటియొద్ద నాయనగారి చెంత కావ్యములు చదివిన నాకు మార్కులు వచ్చుట యదియే మొదలు!

తల్లికిని తక్కిన బిడ్డలకును నడుమ నేమైన మాఱినదా యనునది యొక ప్రశ్న. నేను బదులీయలేకపోతిని. అంతకు వారము ముందే మా పెద్దమ్మాయి ముంజేతిమీద నెఱ్ఱని గీతలు చూచి, "నీకును వచ్చినదా?" యని యడలితిని. దానికి తొమ్మిదేండ్లు. "రాలేదమ్మా, నేనే గీరికొంటిని. నాకును మందు పూయుదువని" యనెను.

వైద్యురాలు చెప్పినది పెద్ద చికిత్స కాదు. గోరువెచ్చని నీట కొలదిసేపు స్నానము; తడి పూర్తిగా ఆఱకమునుపే వాసనలేని తెల్లని పూత దట్టముగా పూయుట; చర్మమెఱ్ఱబడి పొంగినపుడు మాత్రము, చెప్పిన పాళ్లలో, చెప్పినన్నాళ్లు స్టెరాయిడు. కారణము లేక పథ్యములు వలదనెను. వంకాయ మరల వంటయింటికి వచ్చినది. పెద్దయినకొలది పలువురకు తగ్గునట, మావానికెప్పుడో చెప్పలేమనెను. వాడిప్పటికిని కొన్ని రాత్రులు లేచుచునే యున్నాడు.

పూతకు ముందు పెద్దదాని చేతులకు కొబ్బరినూనె రాయుదును. తమ్మునిది ముగియుదాక అదియు చేతులు చాచుకొని ప్రక్కనే కూర్చుండును.