ఖరారు కాగితం రాకముందు

ఉద్యోగం వచ్చిందన్న వార్తకు బంధువుల ఇళ్ళకు మిఠాయి పంపుతాము. ఆ ఉద్యోగం ఖరారయిందన్న వార్తకు అంత సందడి ఉండదు. కాని ఈ రెండు వార్తల నడుమ గడిచే కాలమే చాలా కుటుంబాలకు అసలైన పరీక్ష. కార్యాలయాల వ్యవహారంలో దానిని ప్రొబేషన్ అంటారు. తెలుగులో పరిశీలనా కాలం. ప్రైవేటు సంస్థల్లో అది మూడు నెలలో ఆరు నెలలో ఉంటుంది. ప్రభుత్వ కొలువుల్లో సాధారణంగా రెండేళ్ళు. ఆ కాలమంతా పని ఉంటుంది, జీతం ఉంటుంది, మెడలో గుర్తింపు కార్డూ ఉంటుంది. లేనిది ఒక్క కాగితమే. ఆ కాగితం లేదని అప్పు ఇవ్వవలసిన బ్యాంకు వెనుకాడుతుంది. పిల్లను ఇవ్వదలచిన ఇల్లు కూడా వెనుకాడుతుంది.

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒక జిల్లా కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసి పదవీ విరమణ చేశాను. నియామకాలు, ఇంక్రిమెంట్లు, సెలవులు, ప్రొబేషన్ ఖరారు మొదలైన దస్త్రాలన్నీ నా బల్లమీదుగానే అధికారి వద్దకు వెళ్ళేవి. అందువల్ల ఈ పరిశీలనా కాలం లోపలివైపు నుంచి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసుల నిబంధనలు (1996) ప్రకారం నేరుగా నియమితుడైన ఉద్యోగి మూడేళ్ళ వ్యవధిలో రెండేళ్ళు విధుల్లో ఉండాలి. ఇందులో ‘విధుల్లో’ అన్న మాటే కీలకం. సెలవులో గడిచిన రోజులు ఆ రెండేళ్ళ లెక్కలో చేరవు. ప్రసూతి సెలవుపై వెళ్ళి వచ్చిన ఆడపిల్లలు, తమతోపాటు చేరినవారి ఉత్తర్వులు వచ్చి తమవి రాకపోయేసరికి, తమ పనిలో ఏదో లోపం కనిపెట్టారేమోనని కళ్ళనీళ్ళతో నా బల్ల దగ్గరకు వచ్చేవారు. “అమ్మా, ఇది రోజుల లెక్క మాత్రమే, మీ మీద మచ్చ కాదు” అని సర్వీసు రిజిస్టరు తెరిచి చూపించేవాణ్ణి.

రెండేళ్ళు నిండగానే ఉత్తర్వు దానంతట అదే రాదు. పోలీసుశాఖ నుంచి పూర్వాపరాల విచారణ నివేదిక రావాలి. చదువుకు సంబంధించిన ధ్రువపత్రాలు నిజమైనవేనని బోర్డు, విశ్వవిద్యాలయం తెలపాలి. పోస్టుకు నిర్దేశించిన శాఖాపరమైన పరీక్షలు గట్టెక్కాలి. పైఅధికారి పని, ప్రవర్తన సంతృప్తికరమని రాయాలి. నా బల్లమీద ఆగిన దస్త్రాలలో పని చేతకాదని ఆగినవి బహు అరుదు. ఎక్కడినుంచో ఒక కాగితం రాలేదని ఆగినవే ఎక్కువ. మరో విశేషం ఉంది. ఇన్ని దాటి ప్రొబేషన్ ఖరారైన ఉద్యోగిని సైతం నిబంధనలు ‘అప్రూవ్డ్ ప్రొబేషనర్’ అనే పిలుస్తాయి. ఆ శాఖలో పూర్తి సభ్యుడు కావడం ఇంకా ఆ తరువాతి మెట్టు.

ఈ నిరీక్షణ ఎంత పెద్దదిగా మారగలదో మన రెండు రాష్ట్రాలూ ఈమధ్యనే చూశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షమందికి పైగా యువతీయువకులు చేరారు. రెండేళ్ళపాటు నెలకు 15,000 రూపాయలు, ఆ పిదప ప్రొబేషన్ ఖరారు, పే స్కేలు అన్నది ఏర్పాటు. 2021 అక్టోబరుకు రెండేళ్ళు నిండాయి. ఉత్తర్వులు వెలువడింది 2022 జూన్‌లో. ఈ నడుమ ఆ ఏడాది జనవరిలో వారు నిరసనలకు దిగవలసి వచ్చింది. తెలంగాణలో 2019లోనే చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శులకు మొదట చెప్పిన గడువు మూడేళ్ళు. తరువాత దానిని నాలుగేళ్ళు చేశారు. ఆ నాలుగేళ్ళూ నిండాక 2023 వేసవిలో వారు సమ్మె చేశారు. ఇవి పత్రికలకెక్కిన సంగతులు. ఆ నెలల్లో ఎన్ని ఇళ్ళలో పెళ్ళిమాటలు నిలిచిపోయాయో, ఎందరు తండ్రులు “ఇంకా రాలేదా?” అని ప్రతి సాయంత్రం అడిగారో ఏ పత్రికా రాయలేదు.

ప్రైవేటు కొలువులో పద్ధతి వేరు. నియామక పత్రంలో “ఆరు నెలలు ప్రొబేషన్, అవసరమైతే పొడిగింపు” అని ఒక వాక్యం ఉంటుంది. గడువు దాటింది కనుక నేను శాశ్వత ఉద్యోగినే అని చాలామంది అనుకుంటారు. న్యాయస్థానాల దృష్టి వేరు. నిబంధనల్లో ప్రొబేషన్‌కు గరిష్ఠ పరిమితి ఉండి, దానిని దాటి కొనసాగించినప్పుడు ఉద్యోగం ఖరారైనట్టే భావించాలని సుప్రీంకోర్టు 1968లో ధరమ్‌సింగ్ కేసులో చెప్పింది. అటువంటి పరిమితి లేనిచోట మాత్రం రోజులు గడిచినంత మాత్రాన ఖరారు కాదు, ఉత్తర్వు రావలసిందే. అలాగని పరిశీలనలో ఉన్నవాడు హక్కులు లేనివాడేమీ కాడు. చట్టం వర్తించే సంస్థలో ప్రావిడెంట్ ఫండ్ చేరిన రోజునుంచే మొదలు కావాలి. ప్రసూతి ప్రయోజనాలకు చూసేది అంతకుముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిందా లేదా అన్నదే. ఖరారు కాగితం ఉందా అని కాదు. గ్రాట్యుటీకి లెక్కించే సర్వీసులోనూ పరిశీలనా కాలం చేరుతుంది. మన పిల్లలకు ఈ సంగతులు ఉద్యోగంలో చేరే రోజే చెప్పి పంపాలి.

ఇన్నేళ్ళు ఇతరుల దస్త్రాలలో చూసిన ఈ విషయం కొన్నేళ్ళ క్రితం మా ఇంటి గడపలోకే వచ్చింది. మా చిన్నమ్మాయికి ఒక సంబంధం కుదిరింది. అబ్బాయి ఒక ఔషధ కంపెనీలో నాణ్యతా పరీక్షల విభాగంలో చేరి నాలుగు నెలలయింది. నమాజు విడువని పిల్లవాడు, తల్లిని ప్రేమగా చూసుకునేవాడు. కట్నం ప్రసక్తి వద్దని వారే ముందుగా చెప్పారు. ఆరు నెలల ప్రొబేషన్ పూర్తయ్యాక నికాహ్ అనుకున్నాము. తేదీ ఇంకా నెల రోజులుందనగా అబ్బాయి ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. జేబులోంచి కాగితం తీసి నా చేతికిచ్చాడు. అతని ప్రొబేషన్‌ను మరి మూడు నెలలు పొడిగిస్తున్నట్టు సంస్థ రాసిన ఉత్తరమది. కారణం రాయలేదు.

“చాచా, మీరు నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుందనుకొని తేదీ పెట్టారు. అది కాలేదు. నికాహ్ వాయిదా వేసుకుంటామన్నా, అసలు వద్దన్నా నేను తప్పు పట్టను. తరువాత తెలియడం కంటే ఇప్పుడే తెలియాలని వచ్చాను” అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా భాయిజాన్ వాయిదా వేయమన్నారు. “కాగితం రానీ, అప్పుడు చూద్దాం. ఆడపిల్ల జీవితం ఇది” అన్నారు. ఆయన మాటలో స్వార్థం లేదు, పిల్లమీది ప్రేమే ఉంది. నా భార్యకు మరో భయం. మూడు నెలలు మళ్ళీ మూడు నెలలైతే? నేను దస్త్రాలు చూసినవాణ్ణి కనుక పొడిగింపు అంటే తిరస్కారం కాదని చెప్పాను. అయినా ఉద్యోగం పోయే అవకాశం లేదని హామీ ఇవ్వలేదు. అది ఉన్న మాటే కదా. చివరకు అడగవలసిన మనిషినే అడిగాము. మా అమ్మాయి కాసేపు మౌనంగా ఉండి, “చెప్పకుండా దాచి ఉంటే నాకు భయం వేసేది అబ్బా. తనంతట తానే వచ్చి చెప్పాడు కదా” అంది.

అప్పుడు నాకు దివ్యఖుర్ఆన్‌లో ఖసస్ సూరాలోని మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం మనసులో మెదిలింది. ఈజిప్టు విడిచి ప్రాణభయంతో మద్‌యన్ చేరిన ఆయన వద్ద ఇల్లూ లేదు, పనీ లేదు. బావి దగ్గర గొర్రెలకు నీళ్ళు పెట్టలేక నిలిచిపోయిన ఇద్దరు యువతులకు సాయపడి, వెళ్ళి నీడన కూర్చున్నారు. తరువాత ఆ ఇద్దరిలో ఒకరు, ఆయనను పనికి కుదుర్చుకోమని తండ్రికి సలహా ఇచ్చారు. ఆమె ఎత్తి చూపిన యోగ్యతలు రెండే: బలం, నమ్మకం. ఆ వృద్ధుడు అదే సంభాషణలో పనినీ, తన కుమార్తెతో వివాహాన్నీ కలిపి ప్రతిపాదించాడు. ఎనిమిదేళ్ళు పని చేయాలన్నాడు. పది పూర్తి చేస్తే అది నీ ఇష్టమన్నాడు. నిన్ను కష్టపెట్టడం నా ఉద్దేశం కాదని కూడా చెప్పాడు. రెండు గడువుల్లో ఏది నెరవేర్చినా తనపై ఒత్తిడి ఉండరాదని మూసా (అలైహిస్సలాం) స్పష్టం చేసుకొని, అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. ఆయన దీర్ఘమైన గడువునే పూర్తి చేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు.

ఈ వృత్తాంతాన్ని చిన్ననాటి నుంచి వింటున్నాము. ఒక ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తా కళ్ళతో చూస్తే అందులో మూడు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, మనిషిని అంచనా వేసింది అతని చేతిలో ఉన్న కాగితంతో కాదు, అప్పటికే కళ్ళారా చూసిన పనితో, నడవడితో. రెండవది, గడువును మొదటి రోజే సంఖ్యతో సహా చెప్పారు. మూడవది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పొడిగింపు అన్నది పని ఇచ్చేవాని చేతిలో కాక, పని చేసేవాని ఇష్టానికి వదిలిపెట్టబడింది. మన కాలపు నియామక పత్రాల్లో సరిగ్గా దీనికి విరుద్ధంగా ఉంటుంది.

అనుకున్న తేదీకే నికాహ్ జరిపించాము. మార్చుకున్నది ఖర్చును మాత్రమే. ఫంక్షన్ హాలు రద్దు చేసి అస్ర్ నమాజు తరువాత మస్జిద్‌లోనే నికాహ్ చదివించాము. వలీమాకు దగ్గరివారిని మాత్రమే పిలిచారు. మహర్‌ను అబ్బాయి తాను అప్పటికప్పుడు ఇవ్వగలిగినంతే రాయించి, ఆ మొత్తాన్ని అక్కడే చెల్లించాడు. ఆ మూడు నెలలూ కొత్త దంపతులు పెద్ద వస్తువేదీ వాయిదాలపై కొనలేదు. మిగిలిన డబ్బును ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా వేరుగా ఉంచుకున్నారు. తవక్కుల్ అంటే ఒంటెను కట్టకుండా వదిలేయడం కాదని మనకు తెలిసిందే. నికాహ్ ఆపకపోవడం ఎంత అవసరమో, ఈ జాగ్రత్త అంత అవసరం.

మూడు నెలలు గడిచిన పదకొండవ రోజున ఖరారు పత్రం వచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్. అల్లుడు దానిని నాకు చూపించినప్పుడు పాత అలవాటు కొద్దీ ప్రతి పంక్తీ చదివాను. ఖరారు కాక ముందు ఉద్యోగం మానాలంటే ఒక నెల ముందు నోటీసు ఇస్తే సరిపోయేది; ఇప్పుడది మూడు నెలలయింది. సంస్థకూ అంతే. అంటే మనం ‘శాశ్వతం’ అని సంతోషించేది ఒక నెల నోటీసు మూడు నెలల నోటీసు కావడమే. ఆ కాగితానికి విలువ లేదని నేను అనను. దాని వెంట వచ్చే సెలవులు, ఇంక్రిమెంటు, మనశ్శాంతి అన్నీ నిజమే. కాని ఒక ఆడపిల్ల నికాహ్‌ను ఆపగలిగినంత బరువు ఆ కాగితానికి ఉండరాదు. మూడు నెలల తరువాత అది రాకపోయి ఉంటే అల్లుడు మరొక ఉద్యోగం వెతుక్కునేవాడు. మేము అతని వెంట నిలిచేవాళ్ళం. ఉపాధి ప్రదాత కంపెనీ కాదు కదా.

ఇంతవరకు ఉద్యోగం చేసేవారి వైపు నుంచి మాట్లాడాను. ఈ పత్రిక చదివే ఇళ్ళలో ఉద్యోగం ఇచ్చేవారూ ఉన్నారు. బట్టల దుకాణాలు, చెప్పుల దుకాణాలు, మెకానిక్ షెడ్లు, హోటళ్ళు, పాఠశాలలు నడిపేవారున్నారు. మన దుకాణంలో చేరిన కుర్రవాడికి “కొన్నాళ్ళు చూద్దాం” అని చెప్పి ఎన్నాళ్ళయింది? ఆ కొన్నాళ్ళు ఎప్పుడు ముగిశాయి? మన పాఠశాలలో పాఠం చెప్పే అమ్మాయికి ఏటా జూన్‌లో కొత్తగా చేరినట్టే లెక్క వేస్తున్నామా? మస్జిద్ కమిటీలలో ఉన్న పెద్దలను మరీ వినయంగా అడుగుతున్నాను. ఇమామ్ సాహెబ్‌ను, ముఅజ్జిన్‌ను తీసుకున్నప్పుడు “ముందు రమజాన్ వరకు చూద్దాం” అంటాము. ఆ రమజాన్ గడిచి మరెన్నో రమజాన్‌లు వచ్చినా ఆయన చేతికి ఒక కాగితం ఇవ్వము. ఏదైనా ఒక జుమా నాడు ఎవరికో ఖుత్బా నచ్చకపోతే ఆయన కుటుంబంతో సహా గది ఖాళీ చేయవలసి వస్తుంది. వెనుక నిలబడి నమాజు చేసే మనం ఆయనను ఎప్పటికీ పరిశీలనలోనే ఉంచుతున్నాము.

ఒకరిని పరీక్షించి చూసుకోవడంలో తప్పు లేదు. పని అమానతు కనుక, దానిని ఎవరికి అప్పగిస్తున్నామో చూసుకోవడం బాధ్యత కూడా. కాని పరీక్ష పెట్టే ప్రతివారిపైనా మూడు బాధ్యతలు ఉంటాయి: ఎంతకాలమో ముందే చెప్పాలి, దేనిని చూస్తున్నారో చెప్పాలి, గడువు రోజున జవాబు చెప్పాలి. జవాబు ‘కాదు’ అయినా సరే, దానిని ఆ రోజే, ఎదుట కూర్చోబెట్టుకొని, గౌరవంగా చెప్పాలి. వద్దన్న మాట విన్నవాడు మరునాడు మరో తలుపు తట్టగలడు. ఏ మాటా విననివాడు ఎటూ కదలలేడు.

ఈ నెల జీతాలు ఇచ్చే రోజున మీ దుకాణంలోనో, బడిలోనో, మస్జిద్‌లోనో ఇంకా ‘చూద్దాం’లోనే ఉన్నవారెవరో ఒకసారి లెక్క చూడండి. ఒక తెల్లకాగితంపై అతని పేరు, పని, జీతం, ఖరారైన తేదీ రాసి సంతకం చేసి ఇవ్వండి. ఆ కాగితం కోసం ఎదురుచూస్తున్న ఒక ఇల్లు ఎక్కడో ఉండే ఉంటుంది.